37 అంగుళాల టైర్లకు 4.56 మేలా, 4.88 మేలా?

డెన్వర్, డాలస్ పరిసరాల్లో జీప్ గ్లాడియేటర్ రూబికాన్ నడుపుతున్న తెలుగు మిత్రులు 37 అంగుళాల టైర్లకు మారాలనుకున్నప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటే: యాక్సిల్ గేర్ల నిష్పత్తిని (చక్రం ఒకసారి తిరగడానికి డ్రైవ్‌షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకెను) 4.56కు మార్చాలా, 4.88కా? ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ బండికి మాత్రమే వర్తించేలా సమాధానం రాస్తున్నాను.

లెక్క 4.56 వైపే ఉంది. కంపెనీ నుంచి 33 అంగుళాల టైర్లతో, 4.10 గేర్లతో వచ్చిన బండి కాబట్టి 4.10ని 37తో గుణించి 33తో భాగిస్తే దాదాపు 4.60 వస్తుంది; మార్కెట్లో దొరికేవాటిలో దానికి దగ్గరిది 4.56. గంటకు 70 మైళ్ల వేగంతో ఎనిమిదో గేరులో వెళ్తున్నప్పుడు పాత టైర్లతో ఇంజిన్ సుమారు 1960 ఆర్‌పీఎం వద్ద తిరిగితే, 37 అంగుళాల టైర్లు, 4.56 గేర్లతో 1940 వద్ద తిరుగుతుంది. 4.88తో అది 2080 అవుతుంది.

అయితే ఈ సూత్రానికి టైరు ఎత్తు తప్ప మరేదీ తెలియదు. 37 అంగుళాల టైరు ఒక్కొక్కటి తరచు 70 పౌండ్లు దాటుతుంది, వెడల్పు కూడా ఎక్కువే; దానికోసం బండిని ఎత్తు చేయిస్తాం కాబట్టి గాలి నిరోధమూ పెరుగుతుంది. ఇక 3.6 లీటర్ల వీ6 ఇంజిన్‌కు టర్బో లేదు; దాని గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 260 పౌండ్-అడుగులు 4400 ఆర్‌పీఎం వద్ద గాని అందదు. సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున్న డెన్వర్‌లో పలుచని గాలి వల్ల ఆ శక్తిలోనూ సుమారు 15 శాతం తగ్గిపోతుంది.

కాబట్టి నా దృష్టిలో అసలు తేల్చవలసింది, మామూలు రహదారిపై బండి ఎనిమిదో గేరును నిలబెట్టుకోగలదా లేదా అన్నదే. కాన్సాస్ మైదానాల్లో ఎదురుగాలి వీచినా, రోడ్డు కాస్త ఎత్తెక్కినా, 4.56తో ఎనిమిదో గేరు భారం మోయలేక ఏడుకు దిగితే అదే 70 మైళ్ల వద్ద ఇంజిన్ 2440కి చేరుతుంది. అక్కడ 4.88 ఎనిమిదిలోనే నిలిస్తే 2080తో సరిపోతుంది. ఆర్‌పీఎం పెరిగితే పెట్రోలు ఎక్కువ తాగుతుందని భయపడి చిన్న అంకె ఎంచుకునేవారు ఈ సంగతిని తప్పక ఆలోచించాలి. కొండదారుల్లో ఏటవాలు ఆరేడు శాతం ఉన్నచోట మాత్రం ఏ గేర్లు వేసినా ట్రాన్స్‌మిషన్ బాగా కిందికి దిగక తప్పదు. అక్కడ రెండింటికీ తేడా స్వల్పమే.

యూటాలోని మోయాబ్ రాళ్ల దారుల మీద 4.88 మేలు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మొదటి గేరు నిష్పత్తి 4.71, కఠినమైన దారుల్లో నెమ్మదిగా నడిపేందుకు వాడే లో రేంజ్ నిష్పత్తి 4 కావడంతో 4.10తో మొత్తం నిష్పత్తి 77 ఉంటుంది. గేర్లు మార్చకుండా 37 అంగుళాల టైర్లు వేస్తే అది 69తో సమానమవుతుంది, 4.88 వేస్తే 82తో సమానమవుతుంది. బ్రేకు మీద కాలు మోపి ఉంచవలసిన అవసరం అంతగా తగ్గుతుంది.

4.56 పక్షాన చెప్పదగిన బలమైన మాట ఒకటుంది. యాక్సిల్‌లోని పెద్ద చక్రమైన రింగ్ గేరు వ్యాసం మారదు కాబట్టి అంకె పెరిగేకొద్దీ దాన్ని తిప్పే చిన్న గేరు, అంటే పినియన్, ఇంకా చిన్నదై కొంత బలహీనపడుతుంది. డాలస్ లాంటి చదునైన, తక్కువ ఎత్తున్న చోట, రాళ్ల దారుల జోలికి పోకుండా నడిపేవారికి 4.56 చక్కగా సరిపోతుంది. మిగిలినవారికి నేను 4.88నే చెబుతాను. రెంటి ధరల్లో పెద్ద తేడా ఉండదు. షిమ్‌లు (సర్దుబాటుకు పెట్టే పలుచని రేకులు), బ్యాక్‌లాష్ (గేరు పళ్ల మధ్య ఉండే సందు) సరిచూసి బిగించే మెకానిక్ కూలే ప్రధాన ఖర్చు కనుక, ఆ పని రెండోసారి చేయించుకునే పరిస్థితి రాకుండా చూసుకోవాలి.

4.10నే ఉంచుకోవడం, అరుదుగా బయటికి తీసే బండికైతే ఫరవాలేదు. 5.13 అన్నది తరచు ట్రైలర్ లాగేవారికి, లేదా ముందుముందు 40 అంగుళాల టైర్లకు వెళ్లేవారికి.

ఏది వేసినా ముందు, వెనుక యాక్సిల్‌లు రెండింటికీ ఒకే నిష్పత్తి ఉండాలి. లేకపోతే ఫోర్‌వీల్‌లో పెట్టగానే డ్రైవ్‌లైన్ బిగుసుకుపోతుంది. కొత్త టైరు కొలతను, గేరు నిష్పత్తిని బండి కంప్యూటర్‌లో నమోదు చేయించాలి. మొదటి 500 మైళ్లు బరువు లాగకుండా నడిపి, ఆ తర్వాత డిఫరెన్షియల్ ఆయిల్ మార్పించండి.