పాత ట్రాక్టర్‌కు ఆల్టర్నేటర్: పర్లాకిమిడిలో చేయించిన వైరింగ్ పని

పర్లాకిమిడి నుంచి పాతపట్నం వెళ్లే దారిలో ఉన్న ఒక ఆటో ఎలక్ట్రికల్ దుకాణంలో మా నాన్నగారి కాలం నాటి 35 హార్స్‌పవర్ ట్రాక్టర్‌కు గత వైశాఖంలో బ్యాటరీని ఛార్జ్ చేసే పాత డైనమో తీయించి, దాని చోట అదే పని చేసే ఆల్టర్నేటర్ పెట్టించాను. ఆ తరువాత ఒక విడత వరి దమ్ములు, కోతలు, ధాన్యం తోలకాలు అన్నీ గడిచాయి కనుక, పని ఎలా నిలబడిందో ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను.

మా పాత డైనమో 22 ఆంపియర్లది. ఇంజను స్లోలో తిరుగుతున్నప్పుడు దాని నుంచి ఛార్జింగు దాదాపుగా రాదు. కళ్లంలో రాత్రిపూట బస్తాలు ఎత్తేటప్పుడు ఇంజను స్లోలోనే ఉంటుంది, లైట్లు మాత్రం వెలుగుతూనే ఉండాలి. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిసి సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటాయి, అదంతా బ్యాటరీ నుంచే పోతుంది. తెల్లారేసరికి సెల్ఫ్ తిరగక నలుగురం కలిసి బండిని తోసిన రోజులు చాలా ఉన్నాయి.

అంతకు ముందు ఏడాది వేరే ఊళ్లో ఒక మెకానిక్ చేత ఇదే మార్పు చేయించి నష్టపోయాను. ఆయన ఆల్టర్నేటర్ తెచ్చి, డైనమోకు ఉన్న పాత సన్నని వైరుకే కలిపి, ఆ వైరును డ్యాష్‌బోర్డులో కరెంటు కొలిచే 30 ఆంపియర్ల ఆమ్మీటరు గుండానే పోనిచ్చాడు. ఇరవై రోజులు తిరగకముందే మీటరు వెనక వైరు తొడుగు కరిగి పొగ వచ్చింది, దాంతో మళ్లీ పాత డైనమోకే వచ్చాను. డీజిల్ ట్యాంకుకు అంత దగ్గరలో పొగ చూసిన భయం నాకు ఇంకా పోలేదు.

పర్లాకిమిడి మేస్త్రి గారు బండిని చూడగానే స్పానరు పట్టుకోలేదు. ముందు బ్యాటరీలో ఏ కొస బాడీకి కలిసి ఉందో మల్టీమీటరు పెట్టి చూశారు. పాతకాలపు బ్రిటిష్ నమూనా ట్రాక్టర్లలో ప్లస్ కొసను బాడీకి ఎర్తు చేసిన బళ్లు ఉంటాయి, అలాంటి దానికి నేటి ఆల్టర్నేటర్ కలిపితే కరెంటును ఒక వైపుకే పోనిచ్చే లోపలి డయోడ్లు క్షణంలో కాలిపోతాయి. మాది మైనస్ ఎర్తే అని తేలాక డైనమో ఛార్జింగును అదుపు చేసే పాత కటౌట్ పెట్టెను పూర్తిగా తీసేశారు, ఎందుకంటే 45 ఆంపియర్ల కొత్త ఆల్టర్నేటర్‌లో ఆ పని చేసే రెగ్యులేటరు లోపలే ఉంటుంది.

వైరు మందం విషయంలో ఆయన చూపిన శ్రద్ధ కోసమే ఈ సమీక్ష రాస్తున్నాను. ఆల్టర్నేటర్ నుంచి సెల్ఫ్ మోటారు మీది పెద్ద బోల్టు దాకా మా బండిలో మూడు మీటర్ల దూరం వచ్చింది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే 45 ఆంపియర్లు పారేటప్పుడు ఒక వోల్టు దారిలోనే పోతుంది, అదే 10 చదరపు మిల్లీమీటర్ల వైరయితే పోయేది పావు వోల్టే. ఆయన 10 వైరే వేసి, వైరు కొసలకు తొడిగే లోహపు లగ్గులను సుత్తితో కొట్టకుండా క్రింపింగ్ పనిముట్టుతో నొక్కి, ఆమ్మీటరును దారి నుంచి తప్పించి, దాని చోట వోల్టు మీటరు అమర్చారు. బ్రాకెట్ మీద రంగు ఉంటే ఎర్తు సరిగా అందదని అక్కడ లోహం మెరిసేదాకా గీకి, ఆల్టర్నేటర్ బాడీ నుంచి ఇంజనుకు విడిగా ఒక ఎర్తు వైరు కూడా బిగించారు.

డ్యాష్‌బోర్డులోని ఛార్జింగు లైటుకు మామూలు బల్బు బదులు ఎల్ఈడీ పెట్టమని నేనే అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. "బాబూ, ఈ బల్బు గుండా పోయే కరెంటుతోనే ఆల్టర్నేటర్ మేలుకుంటుంది, ఎల్ఈడీ గుండా అంత కరెంటు పోదు" అని చెప్పి, బల్బు తీసి ఇంజను స్టార్టు చేయించారు. స్లోలో మీటరు 12.3 వోల్టుల దగ్గరే ఆగిపోయింది. ఇంజను ఆపి, గోరంత 3 వాట్ల బల్బు హోల్డరులో నొక్కి తాళం తిప్పితే ఎర్రగా వెలిగింది, ఇంజను అందుకోగానే ఆరిపోయింది, మీటరు ముల్లు 14.1కి లేచింది. లైట్లన్నీ వేసినా 13.8 కంటే కిందికి దిగలేదు.

లోపాలూ చెప్పాలి. ఒక్క రోజులో ఇస్తామన్న పనికి మూడు రోజులు పట్టింది. పాత పుల్లీ కన్నం కొత్త షాఫ్టుకు సరిపోక లేత్ పనికి పంపవలసి వచ్చిందట, అది ముందే కొలిచి చూసుకోవలసిన విషయం. ఆ లావు వైరుకు ఫ్యూజు లేకుండానే బండి అప్పగించబోయారు. నేను అడిగాక బ్యాటరీ వైపు 60 ఆంపియర్ల ఫ్యూజు వేశారు. మీరు వెళితే దీన్ని మొదటే చెప్పి వేయించుకోండి. వైర్లన్నీ నలుపే కావడంతో ఏది ఎక్కడికి పోతుందో నేనే కాగితం మీద గీసుకొని టూల్ బాక్సులో పెట్టుకున్నాను. సామానూ కూలీ కలిపి 9,200 రూపాయలు తీసుకున్నారు. ఆల్టర్నేటర్‌కు తప్ప మిగతా వాటికి బిల్లు ఇవ్వలేదు. అయినా పనికి ఆ ధర ఎక్కువ కాదని నా అభిప్రాయం.

బండి ఇచ్చేటప్పుడు మేస్త్రి గారు రెండు జాగ్రత్తలు చెప్పారు. దమ్ము బురద కడిగేటప్పుడు పైపు నీళ్లు ఆల్టర్నేటర్ మీదకు సూటిగా కొట్టకూడదు. బండి మీద కరెంటు వెల్డింగ్ చేయించాల్సి వస్తే బ్యాటరీ వైర్లు, ఆల్టర్నేటర్ వైర్లు విప్పి పక్కన పెట్టాకే చేయించాలి. కార్తీకంలో ట్రాలీ హుక్కు విరిగినప్పుడు ఆ మాట పాటించి, కాగితం చూసుకుంటూ వైర్లు నేనే విప్పి మళ్లీ బిగించాను. తాళం తిప్పితే ఎర్ర లైటు వెలిగింది, ఇంజను అందుకోగానే ఆరింది.