‘ఇంటర్నేషనల్ మ్యాథ్స్ సమ్మర్ స్కూల్’ అంటూ వస్తున్నారు, డబ్బు కట్టే ముందు ఇది చదవండి

శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో డిగ్రీ, పీజీ మ్యాథ్స్ చదువుతున్నవాళ్లకీ, వాళ్ల అమ్మానాన్నలకీ ఈ పోస్టు. పోయినేడు వేసవిలో ‘అంతర్జాతీయ అడ్వాన్స్‌డ్ మ్యాథమెటిక్స్ సమ్మర్ స్కూల్’ అని చెప్పి ఒక సంస్థ విజయనగరంలో మా బ్యాచ్ దగ్గర మనిషికి 68,000 రూపాయలు వసూలు చేసింది. ఇప్పుడు శ్రీకాకుళంలో సెమినార్లు పెడుతున్నారని తెలిసింది. కేసు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. పేరు మార్చుకుని వచ్చినా గుర్తుపట్టేలా పద్ధతి మాత్రం చెప్తాను.

ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర హోటల్లో ఏసీ హాలు, తెర మీద యూరప్ యూనివర్సిటీల ఫోటోలు, వచ్చినవాళ్లందరికీ టిఫిన్లు. పిల్లల్ని వెనక్కి పంపి తల్లిదండ్రుల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. ‘‘మీ అబ్బాయి ప్రొఫైల్ చాలా బాగుందండీ, ఈ సర్టిఫికెట్ ఒక్కటి తోడైతే విదేశాల్లో పీహెచ్‌డీ నల్లేరు మీద నడకే’’ అన్నాడు టై కట్టుకున్నాయన మా నాన్నతో. ఆయన నా ప్రొఫైల్ చూసింది ఎక్కడ? మార్కుల లిస్టు అడగలేదు, మా సార్ల దగ్గర నుంచి సిఫార్సు లేఖ అడగలేదు, చిన్న టెస్టు కూడా పెట్టలేదు. ఆధార్ జిరాక్సు ఇచ్చి ఫోన్‌పే కొడితే సీటు వచ్చేసినట్టే. పైగా ‘‘ఈ రోజే కడితే పదిహేను వేలు స్కాలర్‌షిప్’’ అని తొందర పెట్టడం. రసీదులో జీఎస్టీ 18 శాతం కలిపారు గానీ జీఎస్టీ నంబరు వేయలేదు. ఆ నంబరు 15 అక్షరాలుంటుంది, మన రాష్ట్రానిదైతే 37తో మొదలవుతుంది, జీఎస్టీ పోర్టల్లో కొడితే ఎవరి పేరు మీద ఉందో తెలిసిపోతుంది. ఎక్కడ డబ్బు కట్టినా ఇది చూసుకోండి.

ఇక క్లాసుల సంగతి. ఊరి బయట, సెలవులకి ఖాళీగా ఉన్న ఒక హాస్టల్లో రెండు వారాలు. సిలబస్ కాగితం మీద మెజర్ థియరీ, గాల్వా థియరీ, ఆల్జీబ్రాయిక్ టోపాలజీ. ఒక్కోటీ ఒక సెమిస్టర్ మొత్తం చదివే సబ్జెక్టు! విదేశీ ప్రొఫెసర్లు వచ్చారు, తెర మీద మాత్రమే. అన్నీ రికార్డు చేసిన వీడియోలు, యూట్యూబులో ఎవరైనా ఊరికే చూసుకోగలిగినవి. మధ్యమధ్యలో ఆపి ‘‘డౌట్లుంటే అడగండి’’ అనడానికి ఒక కుర్రాణ్ని పెట్టారు. పోటీ పరీక్షలకి కోచింగ్ చెప్పుకునే మనిషి. అతణ్ని అనడానికేమీ లేదు, అతనికీ డబ్బులు బాకీ ఉన్నారట.

ఒకరోజు ఫండమెంటల్ గ్రూపుల క్లాసు, అంటే ఒక ఆకారం మీద ఎన్ని రకాల చుట్లు తిరగొచ్చో, వాటిని కలిపితే ఏమొస్తుందో చూసే లెక్క. వృత్తం దాకా బాగానే నడిచింది. నా పక్కనున్న అమ్మాయి లేచి ‘‘ఎనిమిది అంకె ఆకారానికి ఏం వస్తుంది సార్?’’ అని అడిగింది. అతను బోర్డు మీద ‘జెడ్ క్రాస్ జెడ్’ (పూర్ణాంకాల జతల గ్రూపు) అని రాసేశాడు. అది టోరస్‌ది, అంటే మన గారె పైపొరది. గారె మీద ముందు ఈ చుట్టు తిరిగి తర్వాత ఆ చుట్టు తిరిగినా, వరస మార్చి తిరిగినా లెక్క ఒకటే. ఎనిమిదిలో వరస మారిస్తే లెక్కే మారిపోతుంది, అందుకే అక్కడ వచ్చేది రెండు జనరేటర్ల (మూల చుట్ల) ఫ్రీ గ్రూపు. ఆ సబ్జెక్టు మొదలుపెట్టిన కొత్తల్లోనే చెప్పే విషయమిది. ఆ అమ్మాయి ఊరుకోకుండా మళ్లీ అడిగితే ‘‘టైమైపోతోందమ్మా’’ అని వీడియో పెట్టేశాడు. చేతికిచ్చిన స్పైరల్ పుస్తకం ఎక్కణ్నుంచి ఎత్తారో గానీ, ‘అభ్యాసం 3.7 చూడండి’ అని ఉంటుంది, అందులో మూడో అధ్యాయమే లేదు.

సర్టిఫికెట్ అయితే ఇంకా విచిత్రం. 12 ఈసీటీఎస్ క్రెడిట్లు (యూరప్ యూనివర్సిటీల్లో చదువుని కొలిచే పద్ధతి) అని అచ్చేశారు. యూరప్ లెక్కల్లో ఒక క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల చదువు ఉండాలి. తక్కువలో తక్కువ వేసుకున్నా 300 గంటలు. పద్నాలుగు రోజులకి ఉన్నవే 336 గంటలు. నిద్ర, తిండి, స్నానం అన్నీ మిగిలిన 36 గంటల్లోనే కానిచ్చామన్నమాట. లెక్కలు చదివే పిల్లలకే ఇలాంటి లెక్క అంటగట్టారంటే వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

అసలైన సమ్మర్ స్కూళ్లు ఎలా ఉంటాయో మన జిల్లాల్లో చాలామందికి తెలియకపోవడమే వీళ్లకి పెట్టుబడి. మన దేశంలో 1993లో మొదలైన ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) అనే వేసవి శిక్షణ ఉంది. అందులో ఎన్నో బ్యాచ్‌లు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ బోర్డ్ ఫర్ హయ్యర్ మ్యాథమెటిక్స్ నిధులతో నడిచాయి, ఎంపికైన పిల్లలకి వసతి, భోజనం, రైలు చార్జీలు వాళ్లే పెట్టుకున్నారు. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌లో ఎదురు మనకే డబ్బులిస్తారు. ఇటలీలోని ట్రియెస్టేలో భౌతిక శాస్త్రవేత్త అబ్దుస్ సలామ్ 1964లో పెట్టిన ఐసీటీపీ అనే పరిశోధనా కేంద్రం మనలాంటి దేశాల వాళ్ల కోసమే పుట్టింది, అక్కడి స్కూళ్లకి మామూలుగా రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు. ఇలాంటి చోట్ల కష్టమంతా సీటు రావడంలోనే ఉంటుంది. మార్కులు చూస్తారు, ఏం చదివావని అడుగుతారు, మన లెక్చరర్ల ఉత్తరం అడుగుతారు. ఇవేవీ అడగకుండా ‘సెలెక్టయ్యావు’ అన్నారంటే వాళ్లు చూసింది మన జేబునే.

ఫీజు తీసుకునే మంచి స్కూళ్లు లేవని కాదు. యూరప్‌లో చాలా యూనివర్సిటీలు బాగానే వసూలు చేస్తాయి. కానీ అప్లికేషన్ ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్లోనే ఉంటుంది, డబ్బు దాని ఖాతాకే వెళ్తుంది, మధ్యలో మన ఊరి మనిషి ఫోన్‌పే నంబరు ఉండదు. మాకు ‘వీసా గ్యారంటీ’తో యూరప్ ప్యాకేజీ కూడా చెప్పారు. వీసా ఇచ్చేది ఆ దేశపు కాన్సులేట్, దానికి ఇంకెవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

డబ్బు వెనక్కి అడిగితే ‘‘మేనేజ్‌మెంట్‌తో మాట్లాడుతున్నాం’’ అని నెలలు గడిపారు. మా నాన్న స్వయంగా వెళ్లి ‘‘ఇదేటి బాబూ, చెప్పిందొకటి చేసిందొకటి’’ అని అడిగితే, సర్టిఫికెట్ ఇచ్చాం కాబట్టి సేవ పూర్తయిందన్నారట. ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఉన్నాం. 2019 చట్టం ప్రకారం మనం ఉన్న జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్లలోపు వేయాలి. వేసే ముందు 1915కి (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేస్తే దారి చెప్తారు. డబ్బు పంపాక అవతలివాళ్లు ఫోనే ఎత్తడం లేదంటే అది వేరే సంగతి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి.

మా బ్యాచ్ వాళ్లు ఎవరైనా ఇది చూస్తే రసీదు, ఆ సిలబస్ కాగితం, వాట్సాప్ మెసేజ్‌లు పారేయకండి. వాళ్ల గ్రూప్ నుంచి బయటికి వచ్చే ముందు చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, ఇప్పటికే కొన్ని మెసేజ్‌లు డిలీట్ చేస్తున్నారు.