తెరచాప ఎత్తుతారా అని ముందే అడగండి: శాంటోరినిలో పడవ మీద ఒక రోజు

గ్రీస్‌లోని శాంటోరిని దీవి పడవ ట్రిప్పుల ఫొటోల్లో ప్రతి పడవకీ తెల్లటి తెరచాప విప్పి ఉంటుంది. తీరా నీళ్లలోకి వెళ్లి చూస్తే మాకు కనబడ్డవాటిలో చాలా వరకు తెరచాప చుట్టేసి, ఇంజన్ మీదే డుబుడుబుమంటూ పోతున్నాయి. మా హోటల్లో పక్క గదివాళ్లు ముందు రోజు పెద్ద కాటమరాన్‌లో వెళ్లొచ్చారు, తాడు ముట్టుకున్నవాడే లేడన్నారు. (కాటమరాన్ అంటే పక్కపక్కన రెండు డొప్పలున్న పడవ. పేరు మాత్రం తమిళుల కట్టుమరం నుంచే వచ్చింది, దాన్ని మన విశాఖ వైపు తెప్ప అంటాం. ఆ పేరుతో ఇప్పుడు దాని మీద సోఫాలు వేసి అమ్ముతున్నారు.)

అందుకని మేం బుక్ చేసేముందు రెండు కంపెనీలకి ఒకే ప్రశ్న పంపాం: తెరచాప ఎత్తుతారా, ఎంతసేపు? మొదటివాళ్లు వాతావరణాన్ని బట్టి అని దాటేశారు. రెండోవాళ్లు మాత్రం పొద్దున వెళ్లేటప్పుడు గాలి ఎదురుగా ఉంటుంది కాబట్టి ఇంజన్, సాయంత్రం వచ్చేటప్పుడు తెరచాప అని సూటిగా చెప్పారు, వాళ్ల పడవే ఎక్కాం. తలకి 170 యూరోలు, ఎనిమిది మందికి మించి ఎక్కించరు, పది నుంచి అయిదు దాకా. కాటమరాన్‌లో అయిదు గంటల ట్రిప్ 120కే దొరుకుతోంది. మా బావమరిది ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చాడు, యూరోలు లెక్కపెట్టే అలవాటు, "అయిదుగురికి 250 తేడా బావా" అని రెండుసార్లు గుర్తు చేశాడు.

బస సంగతి కూడా చెప్పేస్తా. రెండు రాత్రులు దీవి ముఖ్యపట్టణం ఫిరాలో, రెండు రాత్రులు పెరిస్సాలో ఉన్నాం. ఓయాలో గుహ గదుల రేటు చూసి అటు తలెత్తలేదు. ఫిరాలో కొండ అంచు దృశ్యం అద్భుతమే కానీ గది అగ్గిపెట్టెంత, సూట్‌కేస్ మోస్తూ మెట్లెక్కాలి. పెరిస్సా నల్ల ఇసక బీచ్, సగం రేటుకే పెద్ద గది, పడవ బయల్దేరే వ్లిఖాడా రేవు దగ్గర. పిల్లలతో వెళ్తే నా ఓటు పెరిస్సాకే. బస్సులన్నీ ఫిరా మీదుగానే తిరుగుతాయి కాబట్టి ఎక్కడికెళ్లినా ఒక మార్పు తప్పదు, అదొక్కటే చిరాకు. పడవవాళ్లు పంపిస్తామన్న వ్యాన్ నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది, ఫోన్ చేస్తే "వస్తోంది వస్తోంది". ఆ మాట ఏ భాషలోనైనా ఒకటే.

పడవ ఎక్కగానే చెప్పులు విప్పించి బుట్టలో వేయించారు. కెప్టెన్ యాభై ఏళ్లవాడు, మాట తక్కువ. మా గోదావరి లాంచీల మీద సరంగుని చూసినట్టే ఉంది, చేయి చుక్కాని మీద, చూపు నీళ్ల మీద. సహాయానికి ఒక అమ్మాయి, తాళ్లూ వంటా అన్నీ తనే. ముందే తెలిస్తే బాగుండేది ఒకటి: బాత్రూమ్‌లో ఫ్లష్ బదులు చేత్తో కొట్టే పంపు ఉంటుంది, అందులో కాగితం ముక్క కూడా వేయకూడదు. మా ఆవిడ అది విన్నాక మధ్యాహ్నం దాకా నీళ్లు తాగడం మానేసింది, ఎండలో అదేం మంచి పని కాదు.

రెడ్ బీచ్‌ని నీళ్ల మీంచి చూడటమే మేలు, ఒడ్డున కొండ పెళ్లలు విరిగిపడతాయని హెచ్చరికలున్నాయి. దాని పక్కన వైట్ బీచ్ దగ్గర లంగరేసి అరగంట ఈత కొట్టించారు. కాస్త ముందుకెళ్లాక కెప్టెన్ ఒక బండ చూపించి "ఇండియన్" అన్నాడు. మేం అయిదుగురం గర్వంగా అటు తిరిగితే, అది ఈకల టోపీ పెట్టుకున్న అమెరికా ఆదివాసీ ముఖం పోలిక అట.

1892లో కట్టిన అక్రోతిరి లైట్‌హౌస్ దాటగానే ఉత్తరం గాలి ముఖం మీద కొట్టింది. దీన్ని మెల్తెమి అంటారు, జూలై, ఆగస్టుల్లో గట్టిగా వీచి ట్రిప్పులు రద్దయ్యే రోజులుంటాయి. మేం వెళ్లింది సెప్టెంబర్ మొదట్లో. తెరచాప పడవ గాలికి నేరుగా ఎదురెళ్లలేదు, అటూ ఇటూ మెలికలు తిరుగుతూ పోవాలి, అలా అయితే రోజంతా పడుతుంది, అందుకే ఇంజన్. అక్కడే మా మరదలికి వాంతి మాత్ర అవసరమైంది. ఎక్కడానికి గంట ముందు వేసుకోవలసింది, అల మొదలయ్యాక వేసుకుంటే ఏం లాభం.

అలా కాల్డెరాలోకి వచ్చాం, అంటే దాదాపు 3,600 ఏళ్ల కిందట అగ్నిపర్వతం పేలి కూలిపోయిన గుంట, అందులోకి సముద్రం వచ్చింది. చుట్టూ కొండగోడల్లో ఎరుపు, నలుపు, బూడిద పొరలు, పైన సున్నం చల్లినట్టు ఊళ్లు. 2007లో మునిగిన సీ డైమండ్ అనే టూరిస్టు ఓడ ఇంకా అడుగునే ఉందని కెప్టెన్ వేలు చూపించాడు, అంతే, ఇంకేం చెప్పలేదు.

పాలియా కామెని అనే చిన్న దీవి దగ్గర 'వేడి నీటి బుగ్గలు' అని ఊదరగొడతారు. వేడి కాదు, గోరువెచ్చన. పడవ దూరంగా ఆపుతారు, చల్లటి నీళ్లలో దూకి ఈదుకుంటూ వెళ్లాలి, ఈత రాకపోతే మానేయండి. నీళ్లు ఇటుకరంగులో, కుళ్లిన గుడ్డు వాసన. వెండి నల్లబడుతుంది తీసేయమన్నారు, పట్టీలు తీసి నా జేబులో పెట్టింది మా ఆవిడ. మావాడు మాత్రం తెల్ల బనీనుతోనే దూకాడు.

భోజనం తిరాసియా దీవి పక్కన. కాల్చిన చికెన్, దోసకాయ పెరుగు, టమాటా పకోడీల్లాంటివి, ఫావా అని పసుప్పచ్చటి పప్పు ముద్ద. అచ్చం తాలింపు మర్చిపోయిన ముద్దపప్పు. నిమ్మకాయ పిండి, పచ్చి ఉల్లిపాయతో తిన్నాం, బానే ఉంది. శాకాహారం అని ముందే చెప్పడం వల్ల మరదలికి విడిగా చేసింది ఆ అమ్మాయి, పూర్తి మార్కులు.

మూడున్నరకి ఇంజన్ ఆపారు. తెరచాప ముందు పెళపెళా కొట్టుకుని, ఒక్కసారి బిగుసుకుని ఊరుకుంది. గాలి వెనక నుంచి తోస్తోంది కాబట్టి గాలే లేనట్టుంది, పడవ కింద నీళ్లు కోసుకుంటున్న చప్పుడు ఒక్కటే. ఎవరూ మాట్లాడలేదు, మా బావమరిది ఫోన్ కూడా లోపల పెట్టేశాడు. ఇరవై నిమిషాలు నాకు చుక్కాని ఇచ్చారు. చేతిలో చక్రం కొంచెం తిప్పితే ఏమీ జరగదు, అనుమానం వచ్చి ఇంకా తిప్పుతాం, అప్పుడు అంతా కలిపి తిరుగుతుంది. "బావా, ఎటు తీసుకెళ్తున్నావ్, ఈజిప్టుకా?"

లైట్‌హౌస్ మలుపు తిరిగాక గాలి పక్క నుంచి వచ్చి పడవ ఒరిగింది. మా ఆవిడ స్తంభాన్ని కౌగిలించుకుని "ఏవండీ, ఆపమనండి" అంటుంటే కెప్టెన్ ఆ రోజు మొదటిసారి నవ్వాడు. పెద్ద కాటమరాన్ ఇలా ఒరగదు. ఒరుగుడు భయం ఉన్నవాళ్లకీ, చంటిపిల్లలు ఉన్నవాళ్లకీ అదే సరి, నీడ కూడా అందులోనే ఎక్కువ.

రేవులో దిగాక మా బావమరిది 250 యూరోల మాట ఎత్తలేదు. బనీను మూడుసార్లు సర్ఫ్‌లో నానబెట్టాం, ఇప్పటికీ ఇటుకరంగే.