అడిగే ముందు నింపే కాగితం: ఎనిమిదేళ్లు వాడాక నా మాట

ఇది యాప్ కాదు, డబ్బు పెట్టి కొన్నదీ కాదు. నా ల్యాప్‌టాప్‌లో ‘అడుగు’ అని పేరు పెట్టుకున్న ఒక టెక్స్ట్ ఫైల్. కోడ్‌లోనో సర్వర్‌లోనో ఎక్కడైనా ఇరుక్కుపోయి ఆన్‌లైన్‌లో ఎవరినైనా సాయం అడగాల్సి వచ్చినప్పుడు ముందు దీని కాపీ ఒకటి తీసి నింపుతాను, తర్వాతే ప్రశ్న పెడతాను. 2017లో మొదలుపెట్టాను. మూడు ల్యాప్‌టాప్‌లు మారాయి, ఫైల్ మాత్రం అదే. ఆరు నెలలు వాడిన మిక్సీకి రివ్యూ రాస్తాం కదా, ఎనిమిదేళ్లు వాడిన దీనికెందుకు రాయకూడదు అనిపించింది. బాగున్నదీ చెబుతాను, విసిగించిందీ చెబుతాను.

అంతకుముందు నేనెలా అడిగేవాణ్ణో తలుచుకుంటే సిగ్గేస్తుంది. తెలుగు డెవలపర్ల గ్రూప్ ఒకదానిలో ‘హాయ్ అన్నా, ఎవరైనా ఉన్నారా’ అని పెట్టి కూర్చునేవాణ్ణి. పావుగంటకి ఎవరో ఒకాయన ‘చెప్పు తమ్ముడూ’ అంటే, అప్పుడు ‘పైథాన్ కోడ్ పనిచేయట్లేదన్నా’ అనేవాణ్ణి. ఏ ఎర్రర్ అంటే ఫోన్‌తో స్క్రీన్‌ని ఫొటో తీసి పెట్టేవాణ్ణి, అదీ అడ్డంగా, ట్యూబ్‌లైట్ వెలుగు సరిగ్గా ఎర్రర్ లైన్ మీదే పడేలా. ఆయన ఓపిక పట్టి ఇంకో నాలుగు ప్రశ్నలు వేసేలోపు ఆయన లంచ్ బ్రేక్ కాస్తా అయిపోయేది. నేనేమో ‘ఎవరూ హెల్ప్ చెయ్యరు ఇక్కడ’ అని పక్కవాడి దగ్గర గొణుక్కునేవాణ్ణి.

ఫైల్‌లో ఉన్నవి చాలా మామూలు సంగతులు. అసలు ఏం చేయాలనుకుంటున్నాను, అందుకు ఏం చేశాను, ఏం రావాలి, ఏం వచ్చింది, ఎర్రర్ మొత్తం అక్షరం పొల్లు పోకుండా, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఏ వెర్షన్, ఇప్పటిదాకా ఏమేం ప్రయత్నించి చూశాను. ఇవి నేను కనిపెట్టినవేం కాదు. ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగి జవాబులు తెచ్చుకునే సైట్, 2008 నుంచి నడుస్తున్న స్టాక్ ఓవర్‌ఫ్లోలో అడిగేవాళ్లకు ఇచ్చే సూచనలు కూడా ఇంచుమించు ఇవే. అక్కడ ‘మినిమల్, రీప్రొడ్యూసిబుల్ ఎగ్జాంపుల్’ అంటారు, అంటే అవతలి మనిషి కాపీ చేసి తన మెషిన్‌లో నడిపితే అదే తప్పు తనకీ కనబడాలి, అందుకు అవసరం లేనిది ఒక్క లైన్ కూడా అందులో ఉండకూడదు. చివర్లో ఉన్న గడి ఒక్కటే నా సొంతం: ‘నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?’

అది మా నాన్న పంపుసెట్టు పుణ్యం. ఒక ఎండాకాలం ఆయన మోటారు మెకానిక్‌కి ఫోన్ చేసి ‘బోరు నీళ్లు సరిగ్గా పోయట్లేదయ్యా’ అన్నారు. మోటారు తిరుగుతోందా అంటే తిరుగుతోంది. మూడు ఫేజులూ వస్తున్నాయా అంటే వస్తున్నాయి. అయితే నీళ్లు అడుగంటి ఉంటాయి, లేదంటే లోపల పైపు జాయింటు వదిలి ఉంటుంది, మోటారు పైకి లాగాల్సిందే అని తేల్చాడు మెకానిక్. లాగడమంటే మనుషులు, కూలి, ఒక రోజు పని. మర్నాడు పొద్దున లాగుదామనుకున్నాక, సాయంత్రం టీ తాగుతూ నాన్న ఏదో మాటల్లో ‘నిన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైన్‌మన్ వైర్లు మార్చి కట్టాడు’ అన్నారు. మెకానిక్‌కి ఆ ముక్క చెప్పగానే వచ్చి స్టార్టర్ దగ్గర రెండు వైర్లు అటుదిటు, ఇటుదటు చేశాడు, నీళ్లు ఎప్పటిలా దూకాయి. త్రీ ఫేజ్ మోటారుకి రెండు ఫేజులు తారుమారైతే వెనక్కి తిరుగుతుంది. తిరగడమైతే తిరుగుతుంది, చప్పుడూ మామూలుగానే ఉంటుంది, నీళ్లు మాత్రం సన్నగా వస్తాయి. నాన్న ఏమీ దాచిపెట్టలేదు. లైన్‌మన్ పనికీ తన బోరుకీ సంబంధం ఉంటుందని ఆయనకి తోచలేదు, అంతే. నేను కూడా పైథాన్ ప్రశ్నల్లో ఏళ్ల తరబడి చేసింది అదే. చెప్పక్కర్లేదు అనుకున్న ముక్కలోనే జవాబు ఉండేది.

ఫైల్ విలువ నాకు పూర్తిగా తెలిసింది 2022లో. మా ఊరి హైస్కూల్ పిల్లలకి ప్రశంసాపత్రాలు చేయాలి, ఒక్కో పత్రం మీద పేరు తెలుగులో పడాలి. పైథాన్‌లో, బొమ్మలు తయారుచేసే పిల్లో లైబ్రరీతో రాశాను. నా ఉబుంటు ల్యాప్‌టాప్‌లో చక్కగా వచ్చింది. సర్వర్ మీద కంటైనర్‌లో (ప్రోగ్రామ్‌నీ దానికి కావలసినవాటినీ కలిపి విడిగా కట్టిన మూట) నడిపితే ‘లక్ష్మి’ కాస్తా ‘లక్‌ష్‌మి’ అయింది, ఒత్తులన్నీ విడిపోయి పొల్లులై కూర్చున్నాయి. రేపే సభ, టెన్షన్. ఫైల్ సంగతి మర్చిపోయి, ఇంగ్లీష్‌లో గబగబా ‘పిల్లోలో తెలుగు సరిగ్గా రావట్లేదు, ఫాంట్ మార్చినా అంతే’ అని ఆ బొమ్మ తగిలించి పెట్టేశాను.

జవాబు ఏం వచ్చిందో తెలుసా? ‘నాకు బాగానే కనబడుతోంది, ఇందులో తప్పేముంది?’

కోపం వచ్చింది. ఒక నిమిషం తర్వాత నవ్వొచ్చింది. ఆయన ఏ దేశం వాడో, తెలుగు లిపి ఆయనకి సున్నాలూ వంకరలూ. లక్ష్మి ఎలా ఉండాలో ఆయనకెలా తెలుస్తుంది? మనం జపనీస్ అక్షరం చూసి తప్పు పట్టగలమా? మనకి కొట్టొచ్చినట్టు కనబడే తప్పు అవతలివాళ్లకి అసలు కనబడదు. తెలుగు మీద పనిచేసేవాళ్లందరూ దీన్ని ఒకసారైనా అనుభవించే ఉంటారు.

అప్పుడు ఫైల్ తీసి కుదురుగా నింపాను. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాను, ‘ఇలా రావాలి’, ‘ఇలా వచ్చింది’, తేడా ఉన్నచోట ఎర్ర గీత. కోడ్ 140 లైన్లుంటే కోసి కోసి 8 లైన్లకి తెచ్చాను, ఒక్క పేరు, ఒక్క ఫాంట్, అది నోటో సాన్స్ తెలుగు. ‘ఏం మారింది’ గడిలో ఇలా రాశాను: కోడ్ అదే, ఫాంట్ ఫైల్ అదే, పిల్లో వెర్షన్ అదే, ల్యాప్‌టాప్‌లో సరిగ్గా వస్తోంది, పైథాన్ స్లిమ్ ఇమేజ్ (తప్పనిసరివే ఉంచి కుదించిన రెడీమేడ్ మూట) మీద కట్టిన కంటైనర్‌లో రావట్లేదు. ఆ చివరి వాక్యం చదివి ఇంకొకాయన వెంటనే పట్టేశాడు. తెలుగులో అక్షరాలు వరసగా పేర్చేస్తే సరిపోదు, క, పొల్లు, ష అనే మూడు సంకేతాలు కలిసి క్ష అనే ఒక్క ఆకారం కావాలి. పిల్లోలో ఆ కలిపే పని చేసేది రాక్మ్ అనే లైబ్రరీ. 8.2 వెర్షన్ నుంచి అది పిల్లోతో పాటే వస్తుంది, కానీ దానికి ఫ్రిబిడి అనే ఇంకో లైబ్రరీ సిస్టమ్‌లో ఉండాలి. నా ల్యాప్‌టాప్ ఉబుంటులో అది ముందే ఉంది, స్లిమ్ కంటైనర్‌లో లేదు. లేకపోతే పిల్లో ఎర్రర్ కూడా ఇవ్వదు, చప్పుడు చేయకుండా మామూలు పేర్పుకి దిగిపోతుంది. ఫ్రిబిడి ప్యాకేజీ ఒక్కటి ఎక్కించాను, ఒత్తులు వాటి చోట్లకి వచ్చేశాయి. మొదటి ప్రశ్నకీ రెండోదానికీ మధ్య సమస్య ఏమీ మారలేదు, నేను రాసిందే మారింది.

అదే ప్రశ్నలో ఇంకో తప్పు చేయబోయి ఆగాను, ఇది కొత్తవాళ్లు గమనించాలి. పిల్లల అసలు పేర్లు బయట పెట్టకూడదని వాటి బదులు ‘రాము’, ‘సీత’ అని పెట్టాను. మంచి ఉద్దేశమే. కానీ వాటిలో ఒత్తు ఎక్కడుంది? ఆ పేర్లు పెడితే విడిపోవడానికి ఒత్తే లేదు. పెట్టే ముందు ఒకసారి నడిపి చూశాను కాబట్టి సరిపోయింది. డేటా మార్చి పెట్టండి, తప్పకుండా మార్చండి, కానీ మార్చిన డేటాతో తప్పు ఇంకా కనబడుతోందో లేదో చూసి పెట్టండి.

‘అసలు ఏం చేయాలనుకుంటున్నాను’ అనే మొదటి గడిని నేను చాలాకాలం పనికిమాలినది అనుకున్నాను. ఒకసారి ఎక్సెల్ నుంచి సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడగొట్టిన పట్టిక) వచ్చింది, మొదటి కాలమ్ ‘పేరు’. ప్రింట్ చేస్తే ‘పేరు’ అనే కనబడుతుంది, కోడ్‌లో ‘పేరు’ అని అడిగితే అలాంటి కీ లేదని కీఎర్రర్. నేను ఎంత తెలివైనవాణ్ణంటే, కాలమ్ పేరు పొడవు చూసి, ఒకటి ఎక్కువ ఉందని కనిపెట్టి, ‘స్ట్రింగ్‌లో మొదటి క్యారెక్టర్ తీసేయడం ఎలా’ అని అడగబోయాను. అడిగి ఉంటే అర నిమిషంలో జవాబు వచ్చేది, నేను దాన్ని కోడ్‌లో పెట్టేవాణ్ణి, తర్వాత వేరే చోట నుంచి వచ్చిన ఫైల్‌లో అసలు పేరులోని ‘ప’ ఎగిరిపోయేది. మొదటి గడి నింపాలి కాబట్టి ‘ఎక్సెల్‌లో సేవ్ చేసిన సీఎస్‌వీని చదవాలి’ అని రాశాను, రాస్తుంటేనే అనుమానం వచ్చింది. ఎక్సెల్‌లో ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అని సేవ్ చేస్తే ఫైల్ మొదట్లో బామ్ అనే కనబడని గుర్తు ఒకటి పెడుతుంది. తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ ‘యూటీఎఫ్-8-సిగ్’ అని ఇస్తే పైథానే దాన్ని తీసేస్తుంది. ఆ ప్రశ్న ఎవరినీ అడగనేలేదు. ఇలా నింపుతూ నింపుతూ ఆగిపోయిన ప్రశ్నలు ఆ ఫోల్డర్‌లో బోలెడున్నాయి, సగం రాసి వదిలేసినవి.

అప్పటి నుంచి తెలుగు టెక్స్ట్ గురించి అడిగితే ప్రింట్ చేసింది కాకుండా కనబడని గుర్తుల్ని కూడా బయటపెట్టే పైథాన్ రెప్ర్ ఫంక్షన్ ఇచ్చింది అతికిస్తున్నాను. బామ్ అయినా, ‘రాజ్‌కుమార్’ మధ్యలో, ఒక్కోసారి చివర కూడా, కీబోర్డ్ పెట్టే జడ్‌డబ్ల్యుఎన్‌జే (అక్షరాలు ఒత్తుగా కలవకుండా ఆపే కనబడని గుర్తు) అయినా అందులో దాక్కోలేవు. మనకి ఒకేలా కనబడే రెండు రాజ్‌కుమార్‌లలో ఒకటి 11 సంకేతాలు, చివర కూడా ఆ గుర్తు పడినది 12, డేటాబేస్‌లో ఒకటి వెతికితే రెండోది దొరకదు.

ఇక విసిగించినవి. మొదటిది టైమ్. బాగా నింపాలంటే నాకు 30, 40 నిమిషాలు పడుతుంది, ఆ పని ఆఫీసులో డెడ్‌లైన్ ముందు చేయాలంటే ప్రాణం మీదకి వస్తుంది. రెండోది, మొదటి రెండేళ్లు నేను అతి చేశాను. అన్నీ రాయాలని లాగ్ మొత్తం, కాన్ఫిగ్ మొత్తం, నా బాధ మొత్తం రాసేవాణ్ణి. గ్రూప్‌లో ఒకసారి అలా పెడితే ఒక అన్న ‘తమ్ముడూ ఇది డౌటా, ప్రాజెక్ట్ రిపోర్టా’ అన్నాడు. నిజమే, పై రెండు లైన్లలో విషయం లేకపోతే కింద ఎంత రాసినా చదివేవాడు లేడు. ఇప్పుడు ఫైల్ నింపేది నా కోసం, పోస్ట్ చేసేది అందులో మూడో వంతు. మూడోది మరీ ఘోరం, అలా అతికించిన లాగ్‌లో ఒకసారి డేటాబేస్ పాస్‌వర్డ్ వెళ్లిపోయింది. వెంటనే డిలీట్ చేశాను, అయినా ఎవరు చూశారో ఎవరికి తెలుసు, ఆ రాత్రే పాస్‌వర్డ్ మార్చి, మేనేజర్‌కి చెప్పి తిట్లు తిన్నాను. ఫైల్ మొట్టమొదటి లైన్ ఇప్పుడు ‘పాస్‌వర్డ్, టోకెన్, ఫోన్ నంబర్ తీసేశావా’.

భాష సంగతి కూడా చెప్పాలి. స్టాక్ ఓవర్‌ఫ్లోకి రష్యన్, జపనీస్, స్పానిష్, పోర్చుగీస్ సైట్లు విడిగా ఉన్నాయి, తెలుగుది లేదు, ఇంగ్లీష్‌లోనే అడగాలి. తెలుగు మీడియంలో చదివిన నాకు మొదట్లో అదో భయం. ఫైల్ నేను తెలుగులోనే నింపుతాను, తర్వాత పొట్టి పొట్టి ఇంగ్లీష్ వాక్యాల్లోకి మార్చుకుంటాను. గ్రామర్ తప్పులకి నన్నెవరూ ఏమీ అనలేదు, వెర్షన్ చెప్పకపోతే మాత్రం అన్నారు.

చాట్‌బాట్‌లు వచ్చాక దీని అవసరం పోతుందనుకున్నాను. పోలేదు. మనిషైతే ‘వెర్షన్ ఎంత’ అని తిరిగి అడుగుతాడు. చాట్‌బాట్ చాలాసార్లు అడగదు, తనే ఏదో ఊహించుకుని దర్జాగా చెప్పేస్తుంది, మనం దాన్ని నమ్మి గంట పాడుచేసుకుంటాం. అక్కడా నింపిన కాగితమే అతికిస్తున్నాను.

ఎవరికి పనికొస్తుందంటే, రోజూ అడిగేవాళ్లకంటే నెలకి ఒకటి రెండుసార్లు గట్టిగా ఇరుక్కునేవాళ్లకి. సెమికోలన్ మర్చిపోయినదానికి ఇదంతా అక్కర్లేదు. పోయినేడు మా టీమ్‌లో చేరిన అమ్మాయి ఫైల్ అడిగి తీసుకుని, ‘ఇంత ఎవరు నింపుతారండీ’ అని సగానికి పైగా కొట్టేసి నాలుగు గడులు ఉంచుకుంది. నిజం చెప్పొద్దూ, ఆమెకి నాకంటే తొందరగా జవాబులొస్తున్నాయి. నేనింకా పాతదే వాడుతున్నాను, అలవాటు. నాన్న పంపుసెట్టు గడిని మాత్రం ఆమె కొట్టేయలేదు.