ఆదివారం స్కౌట్ ట్రూప్: శిక్షణకు 4 మార్కులు, కలుపుకుపోవడానికి 2

విజయవాడలో పిల్లల్ని స్కౌట్స్‌లో చేర్చాలంటే రెండు దారులు. స్కూల్లో ట్రూప్ ఉంటే అందులో చేర్చొచ్చు, లేదంటే బయట నడిచే ఓపెన్ గ్రూప్‌లో. ఈ రివ్యూ పటమట వైపు నడిచే ఒక ఓపెన్ గ్రూప్ గురించి. ముడులు, లాషింగ్ (కర్రల్ని తాడుతో కలిపి కట్టడం), ఫస్ట్ ఎయిడ్ నేర్పడంలో వంక పెట్టడానికేం లేదు. రెండో నెలకల్లా ప్రతి పిల్లాడికీ క్లోవ్ హిచ్ అనే ముడి చేతికి వచ్చేస్తుంది. మేం చూసింది వేరే సంగతి: దేవుడి పేరు మీద ఇక్కడ ఎవరు బయట మిగులుతున్నారు?

ముందు ప్రతిజ్ఞ. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ ప్రతిజ్ఞ దేవుడి పట్ల, దేశం పట్ల విధితో మొదలవుతుంది. దాని కిందే చిన్న గమనిక ఉంది: కావాలంటే 'దేవుడు' బదులు 'ధర్మం' అనొచ్చు. ఇక్కడి స్కౌట్ మాస్టర్‌కి ఆ సంగతి తెలుసు. అడిగితే సరేనంటారు, అడక్కపోతే చెప్పరు. పదేళ్ల పిల్లాడు తనంతట తాను అడగడు కదా! ప్రవేశ్ (చేరినవాళ్ల మొదటి మెట్టు) పాఠాలు నడుస్తున్నప్పుడే పెద్దవాళ్లు వెళ్లి మాట్లాడాలి. ప్రతిజ్ఞ బట్టీ పట్టేది అప్పుడే. ఇన్వెస్టిచర్ (ప్రతిజ్ఞ చేయించి స్కౌట్‌గా చేర్చుకునే కార్యక్రమం) రోజు మూడు వేళ్లు ఎత్తి నిలబడ్డాక మాట మార్చమంటే తడబడతారు.

నాస్తికుల ఇళ్ల పిల్లలకి 'ధర్మం' కూడా సగం పరిష్కారమే. బ్రిటన్ స్కౌట్లు 2014 జనవరి నుంచి దేవుడి ఊసు లేని ప్రతిజ్ఞను విడిగా పెట్టారు. అమెరికాలో దేవుడి పట్ల విధిని ఒప్పుకోని పిల్లాణ్ణి చేర్చుకోకపోతే, 1993లో ఫెడరల్ అప్పీల్ కోర్టు బాయ్ స్కౌట్స్ వైపే తీర్పు చెప్పింది. నాస్తికోద్యమ నాయకుడు గోరా పెట్టిన నాస్తిక కేంద్రం 1947లోనే పటమటకి వచ్చింది. ఆ పేటలో ఈ ప్రశ్న ఇంకా కొత్తగా వినిపించడం తమాషానే.

అసలు వడపోత జరిగేది ప్రతిజ్ఞ దగ్గర కాదు, గడియారం దగ్గర. మీటింగ్ ఆదివారం పొద్దున 7 నుంచి 9:30. చర్చికెళ్లే ఇళ్ల పిల్లలు నెలకి రెండుసార్లు రావడమే గగనం. హాజరు తగ్గితే బ్యాడ్జి పరీక్షకి పంపరు. రిజిస్టర్ చూస్తే మాత్రం ఎవరూ వద్దనలేదు, వాళ్లే మానేశారు అన్నట్టుంటుంది. శనివారం సాయంత్రం ఇంకో బ్యాచ్ పెడితే తీరిపోయే పని.

తర్వాత ప్రార్థన. సంస్థ సొంత ప్రార్థనలో ఉన్నది 'పరమాత్మ' అన్న మాటే, ఫలానా దేవుడని లేదు. ఇక్కడ దాని ముందు ఒక శ్లోకం చేర్చారు, నెల మొదటి వారం జెండా దగ్గర కొబ్బరికాయ కూడా కొడతారు. ఆ ముక్కలే ఉప్మాతో పాటు ప్లేట్లో పడతాయి. క్రైస్తవుల, ముస్లింల ఇళ్లలో కొందరు ప్రసాదం ముట్టరు. ప్లేటు వెనక్కి లాక్కున్న పిల్లాణ్ణి పక్కవాడు "ఏరా, కొబ్బరి పడదా?" అంటాడు. తప్పు ఆ పిల్లాడిది కాదు, వడ్డించేవాళ్లది. ముక్కలు విడిగా పళ్లెంలో పెడితే కావలసినవాళ్లు తీసుకుంటారు.

యూనిఫామ్ సంగతి ఇంకా విచిత్రం. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లని 41 రోజులూ నల్లబట్టల్లో రానిచ్చారు, మంచిదే. ఆడపిల్లల విభాగమైన గైడ్స్‌లో ఒక అమ్మాయి తలకి స్కార్ఫ్ కట్టుకుంటానంటే "చూద్దాంలేమ్మా" అన్నారు. ఆ చూడటం ఇంకా అవలేదు.

స్కూల్ ట్రూప్ అయితే మీ చేతిలో ఇంకొంచెం బలం ఉంటుంది. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న విద్యాసంస్థలో మైనర్‌ని మత బోధనకి గానీ, ఆరాధనకి గానీ సంరక్షకుల సమ్మతి లేకుండా కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణ మూడో క్లాజు చెబుతోంది. హెడ్‌మాస్టర్ పేరున అరపేజీ ఉత్తరం రాసి, ఏ కార్యక్రమానికి సమ్మతి లేదో స్పష్టంగా పెట్టి, రెండో కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి.