బి.ఎఫ్.ఏ. డిగ్రీకి పెట్టిన ఖర్చు, తిరిగి వచ్చిన సంపాదన: కడప నుండి ఒక తండ్రి సమీక్ష

మా అమ్మాయి 2019లో బి.ఎఫ్.ఏ. (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్, అంటే లలిత కళల డిగ్రీ) అప్లైడ్ ఆర్ట్‌లో, అంటే ప్రకటనలకూ డిజైన్లకూ పనికివచ్చే కళలో, చేరి 2023లో పట్టా పుచ్చుకున్నది. ఆ చదువుకు మేము పెట్టిన ప్రతి రూపాయినీ, ఆ తరువాత ఈ రెండున్నరేళ్లలో ఆమె సంపాదించిన ప్రతి రూపాయినీ నేను ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచాను. ఇంటర్ పూర్తయిన పిల్లలను చిత్రకళలో చేర్చవచ్చునా అని మా దుకాణానికి వచ్చి అడిగే తల్లిదండ్రుల కోసం ఆ లెక్కను ఇక్కడ పెడుతున్నాను.

నేను ఇరవై ఏళ్లు కడపలో బోర్డులు రాసినవాణ్ణి. ఎనామిల్ రంగుతో దుకాణాల పేర్లు, గోడల మీద ప్రకటనలు, ఎన్నికలప్పుడు పార్టీల గుర్తులు రాసి ఇల్లు నడిపాను. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని సన్నగిల్లడంతో అప్పు చేసి ప్రింటింగు వైపు మళ్లాను. చేతి కళకు బజారులో ఎంత ధర పలుకుతుందో, ఆ ధర ఎంత త్వరగా మారిపోతుందో అనుభవించినవాణ్ణి కనుక ఈ డిగ్రీని కూడా ఆ కంటితోనే చూశాను.

మేము ఎంచుకున్నది వేరే నగరంలోని ఒక ప్రైవేటు కళాశాల. ఏడాదికి 70,000 చొప్పున నాలుగేళ్లకు ఫీజు 2,80,000 అయింది. కన్వీనర్ కోటాలో కాకుండా నేరుగా చేర్చినందువల్ల ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదు. ఇది మా తొందరపాటు వల్ల జరిగిన నష్టమే. హాస్టలుకూ భోజనానికీ 1,90,000 అయింది. చేరేటప్పుడు కళాశాలవారు చేతిలో పెట్టిన కాగితంలో ఈ రెండు అంకెలు మాత్రమే ఉన్నాయి. అసలు బరువు ఆ కాగితంలో లేని ఖర్చుల వల్ల పడింది.

మొదటి ఏడు కార్ట్రిడ్జ్ పేపరు, పెన్సిళ్లు, పోస్టర్ కలర్లు, నీటి రంగులు అంటే నెలకు వెయ్యి, పన్నెండు వందలతో సరిపోయేది. రెండో ఏటి నుండి కాన్వాసు, ఆయిల్ రంగులు, లిన్సీడ్ నూనె, మంచి బ్రష్షులు వచ్చి చేరాయి. చవక రంగు వాడితే ఆరిన తరువాత మెరుపు తగ్గుతుందని, చవక బ్రష్షు వెంట్రుకలు రాలి బొమ్మలో అంటుకుంటాయని నాకు తెలుసు కాబట్టి ఆ విషయంలో పిసినారితనం చేయలేకపోయాను. నాలుగేళ్ల సామగ్రి 85,000 అయింది. లాప్‌టాప్, దానికి తగిలించి గీసే డ్రాయింగ్ టాబ్లెట్ కలిపి 72,000. అధ్యయన యాత్రలకు 25,000, చివరి ఏడు ప్రదర్శనకూ పోర్ట్‌ఫోలియో (తాను గీసినవాటిలో మంచివి చూపించే పుస్తకం) ముద్రణకూ 20,000. మొత్తం 6,72,000. అందులో నాలుగు లక్షలు బ్యాంకు విద్యారుణం. కోర్సు కాలంలోనూ, ఆ తరువాత ఇచ్చే ఏడాది గడువులోనూ వడ్డీని ఎప్పటికప్పుడు కట్టుకుంటూ రావడంతో అసలు పెరగలేదు గానీ, వడ్డీ రూపంలోనే దాదాపు 1,40,000 వెళ్లిపోయింది. ఇప్పుడు పదేళ్ల వాయిదా కింద నెలకు దాదాపు 5,300 కడుతున్నాం.

ఇంత డబ్బుకు ఏమి ఇచ్చారన్నది అసలు ప్రశ్న. 2020లో కరోనా వల్ల కళాశాల మూతపడి, రెండో ఏడు చాలాభాగం ఫోనులోనే గడిచింది. బంకమట్టితో తల బొమ్మ చేసే పాఠాన్ని ఫోను తెర మీద చెబితే ఏమి అబ్బుతుంది? స్టూడియో తలుపు తీయకపోయినా ఫీజు మాత్రం పూర్తిగా వసూలు చేశారు, తగ్గించమని అడిగిన తల్లిదండ్రులకు సమాధానం కూడా ఇవ్వలేదు. చెక్కిన అచ్చు నుండి బొమ్మలు ముద్రించే ప్రింట్‌మేకింగ్ యంత్రం మూడేళ్లు చెడిపోయే ఉంది. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి గీయించే తరగతులు లెక్కపెట్టగలిగినన్నే జరిగాయి. మా అమ్మాయి ఆ లోటును సెలవులకు వచ్చినప్పుడు కడప రైల్వే స్టేషనులో, పెద్ద దర్గా బయట, ఏడు రోడ్ల కూడలిలో కూర్చుని మనుషులను గీసి తీర్చుకున్నది.

అయితే ఆ కళాశాలలో అక్షరాలు నేర్పిన ఒక మాస్టారి గురించి చెప్పకపోతే ఈ సమీక్ష అన్యాయమవుతుంది. ఇరవై ఏళ్లు తెలుగు అక్షరాలు రాసిన నాకు, కొన్ని పేర్లు బోర్డు మీద ఎందుకు కుదురుగా కనబడతాయో, కొన్ని ఎందుకు విడివిడిగా చెదిరినట్టు ఉంటాయో చేతికి తెలిసేదే తప్ప నోటితో చెప్పలేకపోయేవాణ్ణి. ఆ మాస్టారు వత్తులు కిందికి దిగినప్పుడు పై అక్షరం బరువు ఎటు ఒరుగుతుందో, తలకట్టుకూ గుడికీ మధ్య ఎంత ఖాళీ వదిలితే దూరం నుండి చదవడానికి వీలవుతుందో, గుండ్రటి అక్షరాల నడుమ దూరాన్ని కొలబద్దతో కాక కంటితోనే ఎందుకు తేల్చాలో ఒక్కొక్కటీ గీసి చూపించారట. సంక్రాంతి సెలవుల్లో మా అమ్మాయి వై.వి. స్ట్రీటులో నేను ఎప్పుడో రాసిన ఒక పాత బోర్డు ముందు నన్ను నిలబెట్టి, “నాయనా, ఈ ‘ర్యా’ దగ్గర నీ చెయ్యి తెలియకుండానే సరిగ్గా ఆగింది చూడు” అని వివరించినప్పుడు ఆ నాలుగేళ్ల ఫీజులో కొంత భాగమైనా న్యాయంగానే పోయిందని నాకు తోచింది. ఇది ఆరు నెలల కంప్యూటరు కోర్సులో దొరికేది కాదు. లేపాక్షి వీరభద్రాలయానికి తీసుకువెళ్లిన యాత్ర కూడా అలాంటిదే. పైకప్పు మీద 16వ శతాబ్దపు విజయనగర చిత్రకారులు గీసిన స్త్రీల చీరల అంచులను రెండు రోజులు నకలు చేయించారు. ఆ పుస్తకమే తరువాత ఆమెకు అన్నం పెట్టింది.

సంపాదన విషయానికి వస్తే మొదటి ఏడు నిరాశే. హైదరాబాదులోని ఒక ప్రకటనల సంస్థలో జూనియర్ డిజైనరుగా నెలకు 15,000 ఇచ్చారు. అందులో గదికీ తిండికీ 10,000 పోయేది. ఆరు నెలలు కోరల్‌డ్రా (డిజైన్లు చేసే కంప్యూటరు సాఫ్ట్‌వేర్) నేర్చుకుని మా దుకాణంలో చేరిన అబ్బాయి అప్పటికి దాదాపు అంతే తీసుకుంటున్నాడు. పైగా మా అమ్మాయి చదివిన నాలుగేళ్లలో, కరోనా నెలలు తీసేసినా, అతను ఐదు లక్షల దగ్గరగా సంపాదించాడు. డిగ్రీ ఖర్చును తూచేటప్పుడు ఈ రాని జీతాన్ని కూడా తక్కెడలో వేయాలి. చాలామంది వేయరు.

తేడా రెండో ఏట కనబడింది. టెంప్లేట్లు (ముందే తయారై ఉన్న నమూనాలు) దింపుకొని పని నడిపేవారికి జీతం పెరగకుండా ఆగిపోయింది. కాగితం మీద కొత్తగా ఊహించి గీయగలిగినందువల్ల ఆమెకు స్టోరీబోర్డుల (ప్రకటన చిత్రంలోని దృశ్యాలను ముందుగా వరుసగా గీసి చూపే బొమ్మల) పని అప్పగించి 22,000 చేశారు. ఇప్పుడు 28,000. లేపాక్షి అంచుల పుస్తకం చూసి ధర్మవరంలోని ఒక పట్టుచీరల వ్యాపారి జకార్డు మగ్గానికి డిజైన్లు గీయించుకున్నారు. కంప్యూటరులో గ్రాఫు ఎక్కించి, మగ్గం మీద డిజైను పడేందుకు అట్టలకు రంధ్రాలు కొట్టేవారికి ఇచ్చే దాకా పని ఆమెదే. ఈ పక్క పని మీద ఇంతవరకు 90,000 వచ్చింది. రెండున్నరేళ్ల జీతం 6,12,000 కలిపితే 7,02,000. వడ్డీతో సహా పెట్టిన 8,12,000 ఇంకా తిరిగి రాలేదు, అదీ ఆమె తిండి, గది ఖర్చు తీసివేయకుండానే.

పెయింటింగు, శిల్పం తీసుకున్న ఆమె తోటివారి దారి ఇంతకన్నా కష్టంగా ఉంది. ఒకరు ప్రైవేటు పాఠశాలలో డ్రాయింగు మాస్టారుగా 12,000కు పనిచేస్తూ ఆదివారం పిల్లలకు ట్యూషను చెబుతున్నారు. అదే ఉద్యోగం కేంద్రీయ విద్యాలయంలోనో నవోదయలోనో దొరికితే మూలవేతనమే 44,900తో మొదలవుతుంది. ఆ పై పి.జి. అయిన ఎం.ఎఫ్.ఏ. చేసి విజువల్ ఆర్ట్స్‌లో యు.జి.సి. నెట్ (అధ్యాపకులకు పెట్టే అర్హత పరీక్ష) సాధించినవారు విశ్వవిద్యాలయాల్లో 57,700 మూలవేతనంతో సహాయ ఆచార్యులు కావచ్చు. పోస్టులు కొద్ది, పోటీదారులు ఎక్కువ కనుక మొదటి ఏడే ఆ దారి నిర్ణయించుకుని, అర్హతలను ప్రతి ప్రకటనలోనూ సరిచూసుకుంటూ సిద్ధం కావాలి. 18 నుండి 25 ఏళ్ల లోపు యువ కళాకారులకు కేంద్ర సంస్కృతి మంత్రిత్వ శాఖ రెండేళ్ల పాటు నెలకు 5,000 ఇచ్చే ఉపకారవేతనం ఉన్నదని మాకు ఎవరూ చెప్పలేదు. తెలిసి, అది దొరికి ఉంటే సామగ్రి ఖర్చు పూర్తిగా గట్టెక్కేది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ప్రభుత్వ ఫీజుతో, ఇంటి నుండి వెళ్లి వచ్చే దూరంలో దొరికితే బి.ఎఫ్.ఏ. తీసుకోదగిన చదువే. అప్పు తెచ్చి ప్రైవేటు ఫీజు కట్టి, హాస్టల్లో ఉండి చదివే ధరకు మాత్రం అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ వంటి విభాగాలకే, అది కూడా స్టూడియోలను కళ్లారా చూసి, పాత విద్యార్థులతో మాట్లాడిన తరువాతే సాహసించాలి. రాష్ట్రం విడిపోయాక హైదరాబాదులోని జె.ఎన్.ఏ.ఎఫ్.ఏ.యు. (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) తెలంగాణకు ఉండిపోయింది. మా అమ్మాయి చేరిన మరుసటి ఏడే, 2020లో, ఆర్కిటెక్చర్, లలిత కళల కోసం డాక్టర్ వై.ఎస్.ఆర్. విశ్వవిద్యాలయం మా కడపలోనే ఏర్పడింది. ఒక్క ఏడాది తేడాతో మాకు ఆ అవకాశం తప్పిపోయినందుకు ఇప్పటికీ మనసులో బాధ ఉంది.

మా అబ్బాయి ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. శిల్పం చదువుతానంటున్నాడు. కన్వీనర్ కోటాలో మా ఊళ్లోనే సీటు వస్తే చేరుస్తాను, రాకపోతే ఒక ఏడాది ఆగి మళ్లీ ప్రవేశ పరీక్ష రాయిస్తానని చెప్పాను. సామగ్రికి నెలకు 1,500 ఇప్పటి నుండే విడిగా తీసి పెడుతున్నాను. అతను సాయంత్రాలు దేవుని కడప గుడికి వెళ్లి స్తంభాల మీది బొమ్మలను గీసుకుని వస్తున్నాడు, అక్క హైదరాబాదు నుండి ఫోనులో వాటిని చూసి దిద్దుతున్నది.