హామక్‌కి ఏ కొక్కెం, ఏ బెల్టు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

హామక్ (రెండు చెట్లకో స్తంభాలకో కట్టుకుని పడుకునే గుడ్డ ఊయల) కొనేటప్పుడు అందరం గుడ్డ రంగు చూస్తాం, పొడవు చూస్తాం, మడిస్తే ఎంత సంచిలో పడుతుందో చూస్తాం. దాన్ని పట్టుకుని ఉండే కొక్కేలనీ బెల్టులనీ మాత్రం ఎవరూ చేతిలోకి తీసుకుని చూడరు. విజయవాడలో మా డాబా మీద వేసవి రాత్రులు, నూజివీడు దగ్గర బంధువుల మామిడి తోటలో, అప్పుడప్పుడూ బాపట్ల అవతల సూర్యలంకలో వాడుతూ వచ్చాను. ఈ సమీక్ష గుడ్డ గురించి కాదు, ఆ సామాను గురించి.

ముందు కిట్‌తో పాటు వచ్చిన క్యారాబినర్ల సంగతి, అంటే ఒక వైపు స్ప్రింగుతో తెరుచుకుని మూసుకునే గేటున్న లోహపు కొక్కేలు. చూడ్డానికి నున్నగా, నల్లరంగుతో బావున్నాయి. కానీ వెలుతురులో ఎంత తిప్పి చూసినా ఒంటి మీద ఒక్క అంకె లేదు. కొన్ని నెలలయ్యేసరికి గేటు ముక్కు గాడిలో సరిగ్గా కూర్చోకుండా, గోరు దూరేంత సందు పడింది. గేటు పూర్తిగా మూసుకోని క్యారాబినర్‌కి బలం మూడో వంతుకి పడిపోతుంది. ఆ రోజే తీసేశాను. పెట్టె మీద రాసిన కిలోలకి నేను విలువ ఇవ్వను, లోహం మీద చెక్కిన అంకెకే ఇస్తాను.

కొండలెక్కేవాళ్లు వాడే క్యారాబినర్ వెన్ను మీద మూడు అంకెలుంటాయి: నిలువుగా లాగితే ఎంత, అడ్డంగా లాగితే ఎంత, గేటు తెరుచుకుని ఉంటే ఎంత. మామూలు రకానికి యూరప్ ప్రమాణం ఈఎన్ 12275 ప్రకారం అవి కనీసం 20, 7, 7 కిలోన్యూటన్లు ఉండాలి. ఒక కిలోన్యూటన్ అంటే సుమారు 102 కిలోలు. అంటే నిలువుగా రెండు టన్నుల పైమాటే. తాళం చెవులకి తగిలించుకునేవి కూడా అదే ఆకారంలో దొరుకుతాయి. రెండూ పక్కపక్కన పెడితే దూరం నుంచి తేడా తెలియదు, అంకె చదివితేనే తెలుస్తుంది.

ఇంత బలం దేనికి, నేను 75 కిలోలే కదా అనుకోవచ్చు. బరువు ఒక్కటే కాదు, బెల్టు ఏ కోణంలో దిగుతోందో కూడా లెక్కే. బెల్టు నేలకి 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో వైపు లాగుడు సరిగ్గా మనిషి బరువంత, అంటే 75 కిలోలు. 15 డిగ్రీలకి తగ్గిస్తే దాదాపు 145. పది డిగ్రీలైతే 216. తీగలా బిగించి అయిదు డిగ్రీలకి తెస్తే 430 కిలోలు దాటుతుంది. ఊయల వంగకుండా మంచంలా చదునుగా ఉండాలని బిగించేవాళ్లందరూ ఈ అంకెల దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. పైగా నెమ్మదిగా కూర్చోకుండా ఒక్కసారిగా పడితే ఆ క్షణంలో లాగుడు ఇంకా రెండింతలవుతుంది. పిల్లలు ఎగిరి దూకితే చెప్పనే అక్కర్లేదు.

కోణం కొలవడానికి పరికరం అక్కర్లేదు. చూపుడువేలు నేలకి సమాంతరంగా, బొటనవేలు నిటారుగా చాపి బెల్టు పక్కన పెట్టండి. బెల్టు ఆ రెండు వేళ్ల కొసలనీ కలుపుతున్నట్టు కనిపిస్తే సుమారు 30 డిగ్రీలు. నేను ప్రతిసారీ అలాగే చూసుకుంటాను.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. హాల్లో ఉయ్యాల బల్ల కోసం శ్లాబ్‌లో పెట్టిన కొక్కేలుంటాయి కదా. "అంత గట్టి కొక్కేలు పెట్టుకుని డాబా ఎక్కడమెందుకురా, వాటికే కట్టుకో" అంటుంది మా పిన్ని. "ఉయ్యాల కిందికి లాగుతుంది పిన్నీ, ఇది పక్కకి లాగుతుంది" అని చెప్పాను. 30 డిగ్రీల దగ్గర కూడా నా బరువుకి ఒక్కో వైపు 65 కిలోల అడ్డలాగుడు ఉంటుంది. నిలువు బరువుకని వంచిన కడ్డీ పక్కకి లాగితే మెల్లగా విప్పుకుంటుంది. ఇదే కారణంతో డాబా పిట్టగోడకి, ఇటుక స్తంభానికి ఎప్పుడూ కట్టొద్దు. ఇటుక పేర్పు మీంచి ఎంత బరువైనా మోస్తుంది గానీ, పక్కకి లాగితే నిలవదు. అది విరిగితే పడుకున్నవాడి మీదే పడుతుంది.

డాబా మీద నేను నమ్మేది కిందనుంచి పైదాకా వచ్చిన కాంక్రీట్ స్తంభాలనే. డ్రిల్లింగ్ లేకుండా బెల్టు చుట్టేస్తాను. స్తంభం అంచు బెల్టుని కోయకుండా మధ్యలో గోనెపట్టా మడత పెడతాను. గోడకి యాంకర్ ఫాస్ట్‌నర్ (రంధ్రంలో దిగి బిగుసుకునే బోల్టు) తప్పదంటే ఒక్క మాట: పైన ఉన్న సిమెంటు పూత లోతు లెక్కలోకి రాదు, బోల్టు లోపలి కాంక్రీట్‌ని పట్టాలి.

స్తంభాల వైపు క్యారాబినర్ల బదులు డి-షాకిళ్లు (డి ఆకారపు లోహపు కడియానికి అడ్డంగా మరల పిన్ను బిగించేవి) వాడుతున్నాను. ఆటోనగర్‌లో లారీ సామాను అమ్మే కొట్లో తీసుకున్నవి. "ఏం ఎత్తడానికండీ?" అని అడిగాడు కొట్టాయన. మనిషి పడుకునే ఊయలకి అన్నాను. చేతిలో ఉన్నది పక్కన పెట్టి, లోపల్నుంచి ఇంకోటి తెచ్చాడు. "మనిషికైతే పోత పోసింది వద్దండీ, కాల్చి కొట్టి చేసిన ఫోర్జింగ్ది తీసుకోండి. దీని మీద టన్నేజీ ఉంటుంది చూడండి." ఉంది. ముప్పావు టన్ను అని. బరువులెత్తే సామాను మీద రాసేది తెగే బరువు కాదు, రోజూ మోయగల బరువు. అసలు తెగడానికి సాధారణంగా దానికి నాలుగు నుంచి ఆరు రెట్లు కావాలి. హామక్ బెల్టుల మీద రాసేది చాలాసార్లు తెగే బరువే, ఒక్కోసారి జత మొత్తానికి కలిపి. ఈ రెండు లెక్కలూ ఒకటే అనుకుని పోల్చకూడదు. షాకిల్‌తో ఇబ్బంది బరువొక్కటే, భుజాన వేసుకుని తిరిగేవాళ్లకి పనికిరాదు. ఊగుతుంటే పిన్ను మెల్లగా తిరుగుతుంది, అందుకని కట్టుడు తీగతో ఒక చుట్టు వేశాను.

బెల్టుల్లో పాలియెస్టర్‌కే నా ఓటు. నైలాన్ సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. రాత్రి అడుగున్నర ఎత్తున పడుకుంటే తెల్లవారేసరికి నడుము నేలకి దగ్గరవుతుంది. పాలీప్రొపిలీన్ తాడు చవక, కానీ మన ఎండకి తొందరగా పెళుసెక్కుతుంది. చేత్తో రుద్దితే పొడి రాలుతోందంటే దాని పనైపోయినట్టే. మామిడి చెట్టుకైతే బెల్టు కనీసం అంగుళం వెడల్పుండాలి, సన్న తాడు బెరడుని కోసేస్తుంది. తాడుకి ముడి వేస్తే ముడిని బట్టి మూడో వంతు నుంచి సగం దాకా బలం పోతుంది, అందుకే కుట్టిన ఉచ్చులున్న బెల్టు మేలు.

సూర్యలంకలో నా సామానుకి అసలు పరీక్ష జరిగింది. ఉప్పుగాలికి జింకు పూత షాకిల్ మరల దగ్గర ఎర్రబడింది, స్టెయిన్‌లెస్ స్టీలు 304 రకం మీద కూడా గోధుమరంగు మచ్చలు వచ్చాయి. సముద్రం పక్కన ఎక్కువ వాడేవాళ్లకి 316 రకం మంచిది. అల్యూమినియం క్యారాబినర్ గేటులో ఇసుక చేరి స్ప్రింగు బిగుసుకుంది, మంచినీళ్లలో కడిగి ఆరబెట్టాక మళ్లీ టక్కుమని మూసుకుంటోంది. అక్కడి సరుగుడు చెట్లు కొన్ని మరీ సన్నం. కాండం అరడుగు మందం లేని చెట్టుకి నేను కట్టను. కొబ్బరిచెట్టు కింద అసలే కట్టను, కాయ ఎప్పుడు పడుతుందో చెప్పలేం.

ఈ వేసవి ముందు బెల్టులు రెండూ మార్చాను. తెగలేదు గానీ కుట్టు దగ్గర దారం తెల్లబడి, అంచున పోగులు లేచాయి. షాకిళ్లు, అంకె ఉన్న క్యారాబినర్లు మాత్రం అవే నడుస్తున్నాయి.